పాత కారుకు కోడ్ రీడర్: కొనే ముందు కారు ప్రోటోకాల్ తెలుసుకోండి

మీరు అడిగింది ఇది: మీది 1999లో తయారైన పెట్రోలు కారు. ఇంజిన్ లైటు అప్పుడప్పుడు వెలుగుతోంది, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ కుదుపుగా తిరుగుతోంది. కారు నమోదు చేసుకున్న లోపాల కోడ్‌లు చదవడానికి ఫోనుతో కలిపే చవక బ్లూటూత్ అడాప్టర్ ఒకటి కొన్నారు. సాకెట్‌లో పెడితే దాని దీపం వెలుగుతోంది, ఫోనుతో జత కూడా అవుతోంది, కానీ ఈసీయూతో, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌తో, సంబంధం కుదరడం లేదని యాప్ చెబుతోంది. అదే అడాప్టర్ మీ అన్నయ్య గారి కొత్త కారులో చక్కగా పనిచేసింది. అందువల్ల మీ కారు ఈసీయూ పాడైందేమోనని, లేకపోతే పెద్ద ట్యాబ్లెట్ స్కానర్ కొనక తప్పదేమోనని మీ సందేహం.

ఆ రెండూ అప్పుడే నమ్మకండి. ఇంజిన్ స్టార్టయి రోజూ నడుస్తోందంటే ఈసీయూ తన పని తాను చేస్తూనే ఉంది. నా అనుభవం ప్రకారం ఇలాంటి పరిస్థితిలో చాలాసార్లు తప్పు అడాప్టర్‌దే. పాత వాహనాల ఎలక్ట్రికల్ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. అవసరం లేని ఖరీదైన పరికరం కొని బాధపడినవారినీ, పనికిరాని చవక పరికరాన్ని నమ్మి బాగున్న భాగాలు మార్పించుకున్నవారినీ చాలామందిని చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ దీపం సంగతి. స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు వస్తుంది. 4, 5 పిన్నులు ఎర్త్. అడాప్టర్ దీపం వెలగడానికి ఈ పిన్నులు చాలు. ఈసీయూతో మాట్లాడే వైర్లు వేరు. కాబట్టి దీపం వెలిగిందంటే సాకెట్‌కు కరెంటు ఉందని మాత్రమే అర్థం. ఫోనుతో జత కావడం కూడా ఫోనుకూ అడాప్టర్‌కూ మధ్య వ్యవహారం, కారుకు దానితో సంబంధం లేదు.

ఇక కొత్త కారులో పనిచేయడం. సాకెట్ ఆకారం ఒకటే అయినా దానిలో నడిచే ప్రోటోకాల్, అంటే ఈసీయూ మాట్లాడే భాష, ఒకటి కాదు. ఓబీడీ-2లో, అంటే కారు లోపాలను బయటి పరికరంతో చదివే ఉమ్మడి ప్రమాణంలో, అలాంటివి ప్రధానంగా ఐదు ఉన్నాయి. జె1850 పీడబ్ల్యూఎం ఫోర్డ్ వాడింది, వేగం సెకనుకు 41.6 కిలోబిట్లు. జె1850 వీపీడబ్ల్యూ జనరల్ మోటార్స్ వాడింది, వేగం 10.4 కిలోబిట్లు. ఐఎస్‌ఓ 9141-2, దాని తర్వాత వచ్చిన కేడబ్ల్యూపీ 2000 అనేవి యూరప్, ఆసియా కంపెనీల కార్లలోనూ క్రైస్లర్ కార్లలోనూ ఎక్కువగా కనిపిస్తాయి. ఈ రెండూ కె-లైన్ అనే ఒకే వైరు మీద, అదే 10.4 కిలోబిట్ల వేగంతో నడుస్తాయి. చివరిది క్యాన్. అమెరికాలో 2008 మోడల్ నుంచి అది తప్పనిసరి అయింది, కొన్ని కంపెనీలు 2003 నుంచే మొదలుపెట్టాయి. ఇప్పటి కార్లన్నీ దాదాపుగా దాని మీదే ఉన్నాయి.

మీ అన్నయ్య గారి కారు క్యాన్ మీద నడుస్తుంది. చవక అడాప్టర్లు క్యాన్‌ను బాగానే చదువుతాయి, ఎందుకంటే ఆ పని చిప్పులోనే సిద్ధంగా ఉంటుంది. మీ 1999 కారులో క్యాన్ సాకెట్ దాకా వచ్చే అవకాశం లేదనే చెప్పాలి. ఈసీయూను పలకరించే పద్ధతే అక్కడ వేరు. ఉదాహరణకు ఐఎస్‌ఓ 9141-2లో సంభాషణ మొదలుపెట్టాలంటే రీడర్ ముందుగా సెకనుకు 5 బిట్ల చొప్పున, అంటే నత్తనడకన, ఒక చిరునామా పంపాలి. దానికే దాదాపు 2 సెకన్లు పడుతుంది. ఈసీయూ జవాబిచ్చాక నిర్ణీత వ్యవధిలో మళ్లీ బదులు చెప్పాలి. ఆ తర్వాత 5 సెకన్ల పాటు ఏమీ అడగకుండా ఊరుకుంటే సంబంధం తెగిపోతుంది. ఈ వ్యవధులను సరిగా పాటించని పరికరాన్ని పాత ఈసీయూ అసలు పట్టించుకోదు. మీ యాప్‌లో కనిపిస్తున్నది సరిగ్గా అదే కావచ్చు.

ఈ చవక అడాప్టర్ల వెనుక కథ తెలిస్తే కొనేటప్పుడు ఉపయోగపడుతుంది. వీటన్నిటికీ మూలం కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ 2005 ప్రాంతంలో తెచ్చిన ఈఎల్‌ఎం327 అనే చిప్పు. దాని మొదటి వెర్షన్‌లోని ప్రోగ్రామ్‌కు కాపీ రక్షణ లేకపోవడంతో నకళ్లు వెల్లువెత్తాయి. ఆ సంస్థ 2022లో మూతపడింది, నకళ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. డబ్బా మీద '1.5 వెర్షన్' అని రాసి అమ్ముతుంటారు. ఆ సంఖ్యతో అసలు సంస్థ ఎప్పుడూ చిప్పు విడుదల చేయలేదు. '2.1' అని ఉన్న నకళ్లలో చాలావాటికి జె1850 ప్రోటోకాల్స్ తెలియవు, కొన్నిటికి కె-లైన్ సంభాషణ సరిగా రాదు. వెర్షన్ సంఖ్య పెద్దదైతే పరికరం మంచిదని అనుకోవడం ఇక్కడ పనికిరాదు. '327 అడాప్టర్' అన్న పేరుకు ఇప్పుడు ఏ విలువా లేదు. లోపల ఏ చిప్పు ఉందో, ఐదు ప్రోటోకాల్స్‌నూ చదువుతుందో లేదో స్పష్టంగా రాసి, ఆ మాటకు కట్టుబడే తయారీదారు దగ్గరే కొనాలి. ఎస్‌టీఎన్ వర్గం చిప్పులతో వచ్చే అడాప్టర్లు పాత ప్రోటోకాల్స్‌ను నమ్మకంగా చదవడం నేను స్వయంగా చూశాను.

కాబట్టి కొనే ముందు మీరు చేయాల్సిన మొదటి పని దుకాణంలో లేదు, మీ కారులోనే ఉంది. ఒక టార్చిలైటు తీసుకుని సాకెట్‌లోకి చూడండి. పదహారు గదులున్నా అన్నిటిలోనూ లోహపు పిన్నులు ఉండవు. పై వరుసలో ఎడమ నుంచి 1 మొదలై 8 వరకు, కింది వరుసలో 9 నుంచి 16 వరకు లెక్క. వెడల్పు ఎక్కువ ఉన్న వైపు పైకి ఉండేలా చూస్తూ లెక్కించండి. 7వ గదిలో పిన్ను ఉండి, 2, 6, 10, 14 ఖాళీగా ఉంటే మీ కారుది కె-లైన్, అంటే ఐఎస్‌ఓ 9141-2 లేదా కేడబ్ల్యూపీ. దానితోపాటు 15లో కూడా పిన్ను ఉండవచ్చు, లేకపోయినా ఫరవాలేదు. 2, 10 రెండూ ఉంటే ఫోర్డ్ పద్ధతి. 2 ఒక్కటే ఉంటే జనరల్ మోటార్స్ పద్ధతి. 6, 14 ఉంటే క్యాన్. మిగతా గదుల్లో కంపెనీలు తమ సొంత అవసరాలకు పిన్నులు పెట్టుకుంటాయి, వాటిని చూసి కంగారుపడవద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 16 పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన అది ఓబీడీ-2 కారు అయిపోదు. అమెరికాలో కార్లకూ తేలిక ట్రక్కులకూ ఓబీడీ-2 తప్పనిసరి అయింది 1996 మోడల్ నుంచి. యూరప్‌లో కొత్త పెట్రోలు కార్లన్నిటికీ 2001 నుంచి, డీజిల్ కార్లకు 2004 నుంచి. ఆ గడువులకు ముందే చాలా కంపెనీలు కొత్త ఆకారపు సాకెట్ పెట్టి, లోపల తమ పాత సొంత ప్రోటోకాల్‌నే నడిపాయి. 1994, 1995 నాటి కొన్ని జనరల్ మోటార్స్ కార్లు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఒకే పేరుతో ఒకే ఏడాది తయారైన కారు కూడా ఏ దేశం కోసం తయారైందన్న దాన్ని బట్టి మారిపోతుంది. బానెట్ కింద ఉండే ఉద్గారాల లేబుల్ చదవండి. దాని మీద ఓబీడీ-2 అని గానీ, దాని యూరప్ రూపమైన ఈఓబీడీ అని గానీ ఉంటే చింత లేదు. అలాంటిదేమీ లేకపోతే, 1999 కారు కాబట్టి, అది కంపెనీ సొంత ప్రోటోకాల్‌తో మాత్రమే పలికే అవకాశాన్ని మనసులో పెట్టుకోండి. అప్పుడు ఏ సాధారణ ఓబీడీ-2 రీడరూ, ఎంత ఖరీదైనదైనా సరే, దాన్ని చదవలేదు. ఆ కంపెనీ కార్ల కోసమే చేసిన సాఫ్ట్‌వేరు, దానికి సరిపడే కేబుల్ కావాలి.

ఇప్పుడు మీ దగ్గర ఉన్న అడాప్టర్‌కే చివరి అవకాశం ఒకటి ఇవ్వండి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, తాళం 'ఆన్' స్థానంలో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ప్రయత్నించండి. యాప్ సెట్టింగుల్లో ప్రోటోకాల్ 'ఆటో' అని ఉంటుంది. దాన్ని తీసేసి మీరు పిన్నులు చూసి తెలుసుకున్న ప్రోటోకాల్‌నే ఎంచుకోండి. ఆటోలో అన్నీ వరుసగా ప్రయత్నించే క్రమంలో కొన్ని నకళ్లు కె-లైన్ దాకా వచ్చేసరికే గడువు దాటిపోయిందని చేతులెత్తేస్తాయి. ఇలా కూడా కుదరకపోతే దాన్ని పక్కన పెట్టేయండి. కారులో రేడియో మార్చి ఉంటే మాత్రం ఒకసారి దాన్ని ఊడదీసి చూడండి. కొన్ని యూరోపియన్ కార్లలో రేడియో కనెక్టర్‌లోకి కూడా కె-లైన్ వస్తుంది. బయట కొన్న రేడియో ఆ వైరును ఎర్త్‌కో కరెంటుకో కలిపేస్తే రీడర్ ఎంత మంచిదైనా ఈసీయూ మాట వినిపించదు. అసలు దీపమే వెలగకపోయి ఉంటే మొదట ఫ్యూజు చూడమని చెప్పేవాణ్ని. చాలా కార్లలో ఈ సాకెట్‌కూ సిగరెట్ లైటర్‌కూ ఫ్యూజు ఒకటే. ఫోను చార్జర్ వల్ల అది పోయిన సంగతి ఎవరూ గమనించరు.

పరికరాల సంగతికి వస్తే, కోడ్ ఒక్కటే చూపించి, దాన్ని చెరిపేసే చిన్న రీడర్ కొనవద్దని గట్టిగా చెబుతాను. పాత కారుకు కోడ్ ఒక్కటే చాలదు. కనీసం మూడు ఉండాలి: లైవ్ డేటా (ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్లు చూపే అంకెలు), ఫ్రీజ్ ఫ్రేమ్, పెండింగ్ కోడ్‌లు. నాలుగోదిగా రెడీనెస్ మానిటర్లు, అంటే ఉద్గారాల భాగాల మీద ఈసీయూ తానే చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపేవి, కూడా ఉంటే మేలు. ఎందుకో చెబుతాను.

పీ0171 అనే కోడ్ తీసుకుందాం. ఇంజిన్‌లో గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదని దాని అర్థం. కొంతకాలం క్రితం ఈ కోడ్‌తో ఒక కారు నా దగ్గరికి వచ్చింది. అప్పటికే వేరేచోట, పొగలో ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్‌ను రెండుసార్లు మార్చారు. 'మిశ్రమం పలచగా ఉంది' అని ఆక్సిజన్ సెన్సర్ చెబితే, ఆ సెన్సర్‌నే అనుమానించారన్నమాట. లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె ఉంటుంది. ఈసీయూ తన లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ లేదా తక్కువ పెట్రోలు పోస్తోందో అది చెబుతుంది. సాధారణంగా అది ప్లస్ లేదా మైనస్ 10 లోపు ఉండాలి. ఆ కారులో ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, అది 20 దాటి ఉంది, 2500 ఆర్‌పీఎంకు రేస్ చేసి పట్టుకుంటే 5 లోపుకు దిగింది. గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న ఇంజిన్‌లో ఈ తీరు కనిపిస్తే, ఆ సెన్సర్ దాటాక ఎక్కడో గాలి దొంగచాటుగా లోపలికి వెళుతోందని అర్థం. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ కాబట్టి చిన్న చీలిక కూడా పెద్ద తేడా చూపిస్తుంది. వేగం పెరిగితే ఆ తేడా కలిసిపోతుంది. వెతికితే ఇన్‌టేక్ రబ్బరు గొట్టం మడతల మధ్య చీలి ఉంది. దీనికి విరుద్ధంగా ఐడిల్‌లో బాగుండి, వేగం, భారం పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతూ పోతే పెట్రోలు సరఫరాను, అంటే పంపు, ఫిల్టర్‌లను, లేదా గాలిని తక్కువగా లెక్కగడుతున్న ఎయిర్‌ఫ్లో సెన్సర్‌ను అనుమానించాలి. రెండు సందర్భాల్లోనూ కోడ్ ఒకటే. కోడ్ మాత్రమే చూపించే రీడర్ ఈ తేడాను ఎప్పటికీ చెప్పలేదు. ఐడిల్‌లో కుదుపు ఉందన్నారు కాబట్టి మీ కారులోనూ నేను మొదట చూసేది ఈ ట్రిమ్ అంకెలనే.

ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే కోడ్ నమోదైన క్షణంలో ఇంజిన్ స్థితి: ఆర్‌పీఎం, వేగం, కూలెంట్ ఉష్ణోగ్రత, భారం, ట్రిమ్. అప్పుడప్పుడు వచ్చిపోయే లోపానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) కోడ్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చిందా, వేడెక్కి ఎత్తు ఎక్కుతున్నప్పుడు వచ్చిందా అన్నది తెలిస్తే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది. పెండింగ్ కోడ్‌ల సంగతీ ఇలాంటిదే. చాలా లోపాలకు మొదటి ప్రయాణంలో లైటు వెలగదు. వరుసగా రెండో ప్రయాణంలోనూ అదే లోపం కనిపిస్తేనే వెలుగుతుంది. మొదటిసారి కనిపించినది పెండింగ్‌గా ఉంటుంది. మీ లైటు వచ్చి పోతోందన్నారు కదా, లోపం వరుసగా మూడు ప్రయాణాల్లో కనిపించకపోతే లైటు దానంతట అదే ఆరిపోతుంది. కోడ్ మాత్రం జ్ఞాపకంలో ఉంటుంది, సాధారణంగా ఇంజిన్ 40 సార్లు చల్లబడి వేడెక్కేదాకా చెరగదు. కాబట్టి లైటు ఆరి ఉన్న రోజున కూడా చదవడం వృథా కాదు.

ఈ కారణంగానే మరో మాట: చదవగానే 'చెరిపేయి' బొత్తం నొక్కవద్దు. చెరిపితే కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది, మానిటర్ల ఫలితాలన్నీ సున్నాకు వస్తాయి. వాటిని కాగితం మీద రాసుకోండి లేదా తెర ఫోటో తీసుకోండి. రెడీనెస్ మానిటర్లు మళ్లీ పూర్తి కావడానికి రకరకాల వేగాల్లో, చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి కొన్ని రోజులు నడపాలి. అవి పూర్తికాని కారు చాలాచోట్ల ఉద్గారాల పరీక్షలో నెగ్గదు. పాత కారు కొనబోయేవారికీ ఇది పనికొస్తుంది. లైటు లేదు, కోడ్‌లు లేవు, కానీ మానిటర్లలో ఎక్కువ భాగం అసంపూర్తిగా ఉన్నాయంటే ఎవరో ఈమధ్యే చెరిపారని లేదా బ్యాటరీ తీశారని గ్రహించాలి.

లైటు మిణుకుమంటూ ఉంటే మాత్రం రీడర్ కోసం ఆగవద్దు. మిస్‌ఫైర్ తీవ్రంగా ఉండి, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ కాలిపోయే స్థితి అది. వేగం తగ్గించి వీలైనంత త్వరగా ఆపేయాలి.

ఇక ఏ రకం కొనాలి? మీ కారు లేబుల్ మీద ఓబీడీ-2 అని ఉంటే నా సలహా రెండింటిలో ఒకటి. మొదటిది, కేబుల్‌తో నేరుగా సాకెట్‌కు తగిలించే చేతి స్కానర్. దానికి ఫోను అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, బ్లూటూత్ గొడవ లేదు, కరెంటు కారు నుంచే తీసుకుంటుంది. పదేళ్ల తర్వాత కూడా అలాగే పనిచేస్తుంది. మధ్యరకం వాటిలోనే లైవ్ డేటా, ఫ్రీజ్ ఫ్రేమ్, పెండింగ్, మానిటర్లు అన్నీ దొరుకుతాయి. రెండోది, నమ్మకమైన చిప్పున్న అడాప్టర్. గ్రాఫులు గీసుకోవడానికి, డేటా దాచుకుని తీరిగ్గా చూసుకోవడానికి అది మేలు. ఐఫోన్ వాడేవారు మామూలు బ్లూటూత్ అడాప్టర్ కొనకండి, జత కాదు. బ్లూటూత్ ఎల్‌ఈ గానీ వైఫై గానీ ఉన్నదే తీసుకోవాలి. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే మీలా మొదటిసారి కొనేవారికి చేతి స్కానరే చెబుతాను.

ఏది కొన్నా మీ కారులో లైవ్ డేటా నెమ్మదిగానే వస్తుందని ముందే తెలుసుకోండి. క్యాన్ వేగం సాధారణంగా సెకనుకు 500 కిలోబిట్లు, కె-లైన్‌ది 10.4. ఇరవై అంకెలు ఒకేసారి తెర మీద పెట్టుకుంటే ఒక్కొక్కటి మారడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతుండాలి. కానీ అన్ని అంకెల మధ్య చూస్తే అది మొద్దుబారినట్టు కనిపించి, బాగున్న సెన్సర్ మీద అనుమానం వస్తుంది. దాన్ని చూడాలనుకున్నప్పుడు దాన్నొక్కదాన్నే ఎంచుకోండి. ఈ నెమ్మది పరికరం లోపం కాదు, కారు స్వభావం. ఇంకా ఖరీదైన స్కానర్ కొన్నా మారదు.

పెద్ద ట్యాబ్లెట్ స్కానర్లు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్ చదువుతాయి, ఫ్యాన్‌ను, ఇంజెక్టర్‌ను తెర మీద నుంచే పనిచేయించి చూస్తాయి. రోజూ రకరకాల కార్లు చూసే మెకానిక్‌కు అవి అవసరం. ఒక్క పాత కారు ఉన్నవారు కొనే ముందు ఒక విషయం కచ్చితంగా చూడాలి. 'వేల మోడళ్లకు పనిచేస్తుంది' అన్న ప్రకటన చూడకండి. ఆ తయారీదారు ఇచ్చే జాబితాలో మీ కారు పేరు, ఏడాది, ఇంజిన్, మీకు కావాల్సిన విభాగం, నాలుగూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడండి. కొత్త కార్ల మీదే వారి శ్రద్ధంతా. 1990ల నాటి కార్ల దగ్గరికి వచ్చేసరికి చాలావాటిలో 'ఇంజిన్ కోడ్‌లు మాత్రమే' అని ఉంటుంది. దానికి చిన్న స్కానరే చాలు. అంత డబ్బు పెట్టగలిగితే మీ కారు కంపెనీకి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేరు, కేబుల్ కొనడం నా దృష్టిలో మేలు. ఫోక్స్‌వ్యాగన్ వర్గం కార్లకు వీసీడీఎస్, ఫోర్డ్, మాజ్డా కార్లకు ఫోర్‌స్కాన్ ఇలాంటివే. ఒకే వర్గం కార్ల మీద దృష్టి పెట్టినవి కాబట్టి, తాము చదవగల మోడళ్లలో లోతుగా చూపిస్తాయి. ఏబీఎస్ లేదా ఎయిర్‌బ్యాగ్ లైటు మీ అసలు సమస్య అయితే సాధారణ ఓబీడీ-2 రీడర్ దాదాపు ఎందుకూ పనికిరాదు. ఉద్గారాలకు సంబంధించిన విషయాల వరకే ఆ ప్రమాణం బాధ్యత.

ఓబీడీ-2 రాకముందు కార్లున్నవారు కూడా ఇది చదువుతారు కనుక వారి కోసం కొంత. 1980ల చివర, 1990ల మొదట్లో వచ్చిన చాలా కార్లకు రీడరే అక్కర్లేదు, కోడ్‌ను లైటే మిణుకుతూ చెబుతుంది. జనరల్ మోటార్స్ 12 పిన్నుల సాకెట్‌లో ఎ, బి పిన్నులను చిన్న వైరుతో కలిపి తాళం ఆన్ చేస్తే ఇంజిన్ లైటు మొదట 12 అని మూడుసార్లు చెప్పి, తర్వాత కోడ్‌లు చెబుతుంది. టయోటాలో బానెట్ కింద డబ్బాలో టీఈ1, ఈ1 కలపాలి. హోండాలో డ్యాష్‌బోర్డు కింద రెండు పిన్నుల కనెక్టర్ ఉంటుంది, పొడవాటి మిణుకు పదులు, పొట్టి మిణుకు ఒకట్లు. ఆనాటి క్రైస్లర్ కార్లలో తాళాన్ని 5 సెకన్లలోపు ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్, ఆన్ చేస్తే చాలు, చివర 55 వస్తే కోడ్‌లు అయిపోయాయని అర్థం. చాలా నిస్సాన్ కార్లలో ఈసీయూ పెట్టెకే దీపం ఉంటుంది, అక్కడ 55 అంటే లోపం లేదని. చూశారా, ఒకే అంకెకు రెండు కంపెనీల్లో రెండు అర్థాలు. అందుకే మీ కారు సర్వీసు పుస్తకం దగ్గర పెట్టుకునే ఈ పని చేయాలి. తప్పు పిన్నులు కలిపితే ఫ్యూజు పోవచ్చు, ఈసీయూ కూడా పోవచ్చు. పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి వెళ్లవద్దు. లైవ్ డేటా కూడా కావాలంటే ఆ కాలపు స్కానర్‌నే సెకండ్‌హ్యాండ్‌లో వెతకడం మంచిది. జనరల్ మోటార్స్ టెక్ 2, స్నాప్-ఆన్ ఎంటీ2500 లాంటివి ఆ రోజుల కార్లను ఇప్పటి ట్యాబ్లెట్ల కంటే బాగా ఎరుగును. అయితే కొనేముందు మీ కారుకు కావాల్సిన కార్ట్రిడ్జ్, కేబుల్, అడాప్టర్ ముక్కలు అన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒక్క ముక్క లేకపోయినా పరికరం అల్మారాలోనే ఉండిపోతుంది. గుండ్రటి 38 పిన్నుల మెర్సిడెస్, 20 పిన్నుల బీఎండబ్ల్యూ సాకెట్లను 16 పిన్నులకు మార్చే కేబుళ్లు దొరుకుతాయి. అవి ఆకారాన్ని మారుస్తాయి, ప్రోటోకాల్‌ను మార్చవు.

లారీలు, బస్సుల వంటి 24 వోల్టుల వాహనాలకు కార్ల రీడర్ తగిలించకండి. దాని మీద 24 వోల్టులకు సరిపోతుందని స్పష్టంగా రాసి ఉంటే తప్ప అది కాలిపోవచ్చు.

రీడర్‌తోపాటు ఒక మల్టీమీటర్ కూడా కొనండి. ఇది అదనపు సరదా కాదు, పాత కారుకు ఇది సగం వైద్యం. వయసైన కార్లలో కోడ్‌లకు కారణం తరచుగా సెన్సర్ కాదు, దాని వైరింగ్: తుప్పు పట్టిన ఎర్త్, పచ్చగా మారిన పిన్ను, ఎండిపోయి పగిలిన ఇన్సులేషన్. పీ0135 వస్తే ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపమని అర్థం. సర్క్యూట్ అన్నారు, సెన్సర్ అనలేదు. కొత్త సెన్సర్ కొనే ముందు కనెక్టర్ దాకా కరెంటు వస్తోందో లేదో మీటర్‌తో చూస్తే, ఒక్కోసారి ఫ్యూజుతోనే పని అయిపోతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని కోడ్‌లు ఐదారు ఒకేసారి వస్తే, సెన్సర్ల జాబితా రాసుకోకండి. ముందు బ్యాటరీ వోల్టేజి, చార్జింగు, ఇంజిన్ ఎర్త్ వైరు చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి.

మీ కారు విషయానికి, నేనైతే ఈ వరుసలో వెళతాను. ఈరోజే లేబుల్ చదివి, సాకెట్ పిన్నులు చూడండి. 7వ పిన్ను ఉండి లేబుల్ మీద ఓబీడీ-2 లేదా ఈఓబీడీ అని ఉంటే, ఐదు ప్రోటోకాల్స్‌నూ చదివే చేతి స్కానర్ ఒకటి, తిరిగి ఇచ్చే వీలున్న చోట తీసుకోండి. తెచ్చిన రోజే మీ కారుకు తగిలించి, కోడ్‌లు, పెండింగ్, ఫ్రీజ్ ఫ్రేమ్, లైవ్ డేటా నాలుగూ వస్తున్నాయో లేదో చూడండి. ఒక్కటి రాకపోయినా తిరిగి ఇచ్చేయండి. లేబుల్ మీద ఏమీ లేకపోతే ఏదీ కొనకుండా, మీ కంపెనీ కార్లు చూసే మెకానిక్ దగ్గర ఒకసారి చదివించి, ఏ సాఫ్ట్‌వేరుతో చదివారో అడిగి తెలుసుకోండి. కోడ్ దొరికాక ఆ అంకెతోపాటు ఐడిల్‌లోనూ 2500 ఆర్‌పీఎం దగ్గరా ఫ్యూయల్ ట్రిమ్ ఎంతుందో, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉష్ణోగ్రత ఎంతుందో రాసి పంపండి. ఐడిల్ కుదుపు ఎక్కడి నుంచి వస్తోందో అప్పుడు చూద్దాం. అప్పటిదాకా ఏ సెన్సరూ మార్పించకండి.